టైలరమ్మ పెట్టె, ఎడమ గొట్టం

మా మావయ్య తన జీవితంలో ఒకే ఒక్క దోపిడీ చేశాడు. పట్టపగలు, శనివారం పదిన్నరకి, జోడు గొట్టాల తుపాకీ పట్టుకుని నడిబజార్లో ఒక టైలరమ్మ దుకాణం మీద పడ్డాడు. వీధి వీధంతా షట్టర్లు దించుకుంది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. అంతా చేసి ఆయన ఎత్తుకొచ్చింది నగా కాదు, నాణెమూ కాదు. ఒక పాత పెట్టె.

ఈ ముక్క నేను ఇప్పటికి ఓ యాభై మందికి చెప్పి ఉంటాను, యాభై మందీ నోరు వెళ్లబెట్టి విన్నారు. డిగ్రీ రెండో ఏడు సగంలో కాలేజీకి దండం పెట్టి బయటపడ్డవాణ్ని. పరీక్ష హాల్లో నన్ను చాలామంది ఫెయిల్ చేశారు గానీ, అరుగు మీద కూర్చుని కథ చెబితే నన్ను ఫెయిల్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈసారి కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త ఒళ్లు దగ్గరపెట్టుకుని మొదటి నుంచీ చెబుతాను.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. పళ్లసెట్లు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపితే, దాన్ని బట్టి ఇంట్లో కూర్చుని పళ్లు కూరుస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని పళ్లాయన అంటారు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి నోట్లోకో తొంగి చూస్తున్నట్టుంటాడు. మా చుట్టుపక్కల అరవై దాటినవాళ్లు నవ్వారంటే ఆ నవ్వులో సగం మా మావయ్య పనితనమే. నేను ఎవరితోనైనా గొడవ పడేటప్పుడు ముందు వాళ్ల పళ్లు చూస్తాను. మావయ్య చేసినవైతే కాస్త మెత్తబడతాను, ఇంటి సరుకు కదా అని.

నేను ఉండేదీ వాళ్లింట్లోనే. ఆ ఇంటి ముందు గదే ఆయన పనిగది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వంగిన దీపం, నీళ్లు కాచే గిన్నె, గులాబీ రంగు పొడి డబ్బాలు, సన్న ఆకురాళ్లు. నేలంతా తెల్లటి ప్లాస్టరు పొడి. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. కొత్తవాళ్లు ఆ గదిలోకి అడుగుపెడితే గోడ గోడంతా తమని చూసి నవ్వుతున్నట్టు అనిపించి ఓ అడుగు వెనక్కి వేస్తారు. అరల పైన ఎర్ర రంగుతో మావయ్య చేత్తో రాసిన రెండు ముక్కలు ఉంటాయి: "మైనం చూసి మాట్లాడకు. ప్లాస్టరు పోసి చూడు."

దాని అర్థం పని తెలిసినవాళ్లకి తెలుసు. నోట్లోంచి తీసిన మైనం అచ్చు తిరగేసి ఉంటుంది. అద్దంలో మొహంలాగ అన్నమాట. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది, గుంట బొడిపె అవుతుంది. అందులో మళ్లీ ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక తీస్తేనే అసలు దవడ కనిపిస్తుంది. మైనాన్నే చూసి పని మొదలుపెట్టినవాడు కుడి దవడ పన్ను ఎడమ దవడకి కడతాడు. నలభై ఏళ్లలో మావయ్య దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరూ మొదటి నెలలో ఈ తప్పు చేశారు, తిట్లు తిన్నారు. వాడిన మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి మళ్లీ వాడతారు కదా, దానికీ ఒక కట్టడి పెట్టాడు. ప్లాస్టరు పడని మైనం ఏదీ గిన్నెలోకి వెళ్లకూడదు. ఈ కట్టడిని మావయ్య కంటే మా అత్తయ్య గట్టిగా పట్టుకుంది. ప్లాస్టరు కలిపేది, పోసేది, తీసేది అంతా ఆవిడే మరి.

ఇక వెనక గదిలో ఇనప బీరువా. అందులో తుపాకులు.

బయట నేను పాతిక అని చెబుతాను గానీ, ఉన్నవి ఏడు. అన్నీ నూరేళ్లు దాటిన జోడు గొట్టాల వేట తుపాకులు. ఒక్కటీ పేలదు. పేలకుండా లోపలి మేకులు తీయించి, ఆఫీసులో చూపించి, ముద్రలు కొట్టించిన కాగితాలు ఫైల్లో ఉన్నాయి. పేలేదైతే మావయ్య ఆ గదిలో నిద్రపోయే రకం కాదు. కుక్కరు కూత వేస్తే పెరట్లోకి వెళ్లిపోయే మనిషి. పిల్లల పుట్టినరోజుకి ఎవరైనా పిలిస్తే, బుడగలు కడుతున్నారా అని ముందే కనుక్కుంటాడు.

తుపాకీ వెనక వైపు కొట్టే సుత్తిలాంటి ముక్క ఉంటుంది చూశారూ, పాతకాలం వాళ్లు దాన్ని గుర్రం అనేవాళ్లు. మావయ్య ఇప్పటికీ అలాగే అంటాడు. ఒకరోజు సెట్టు బాగుచేయించుకోడానికి వచ్చిన ఒక పెద్దాయన ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి మావయ్య అత్తయ్యతో, ఎడమ గుర్రం వదులైంది, పీకేసి మళ్లీ బిగించాలి అంటున్నాడు. గుర్రం అంటే తన నోట్లో పన్నేదో అనుకున్నాడు ఆ పెద్దాయన. చెప్పులు చేత్తో పట్టుకుని నడక అందుకున్నాడు. సెట్టు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. తరవాత కోడల్ని పంపించి తెప్పించుకున్నాడు.

అసలు ఆయనకి తుపాకుల మీద మోజు తుపాకీ చూసి పుట్టలేదు. ఖాళీ పెట్టె చూసి పుట్టింది. ఎప్పుడో ఒక ముసలామె, పోయిన మొగుడి సామాన్లు సర్దుతూ, పళ్లసెట్టు చేసినందుకు గుర్తుగా ఉంచుకోమని ఒక తోలు పెట్టె ఇచ్చింది. మూత తీస్తే లోపలంతా పచ్చటి ఉన్నిగుడ్డ. గుడ్డ కింద చెక్క గళ్లు. గొట్టాలకి ఒక గుంట, భుజానికి ఆనించే చెక్క మడమకి ఒక గుంట, నూనె సీసాకి ఒకటి, తుడిచే కర్రకి ఒకటి. తుపాకీ ఎప్పుడో అమ్ముడుపోయింది. కానీ అది పడుకున్న చోటు మాత్రం గుడ్డ మీద అలాగే ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన పక్కలాగ. మావయ్య ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని పూటంతా కూర్చున్నాడట. పళ్లు ఊడిన దవడ అది, దీనికి సెట్టు కట్టాలి అన్నాడట అత్తయ్యతో. అది మొదలు. ఎవరింటి అటక మీద పాత తుపాకీ ఉందన్నా, ఎవరి కొట్లో పాత పెట్టె ఉందన్నా బస్సెక్కేవాడు. తుపాకీ ఒక ఊళ్లో, దాని పెట్టె ఇంకో ఊళ్లో దొరికేవి. రెండూ కలిసిన రోజు ఇంట్లో పెళ్లి జరిగినంత సందడి చేసేవాడు. పెట్టె తుపాకీతో పాటు పుట్టిందై ఉండాలి, లేదంటే చేరదీయడు. ఏడింట్లో ఆరింటికి ఇళ్లు దొరికాయి. ఏడోది మాత్రం దిండు గలీబులో పడుకునేది.

ఆ ఏడోదానికి ఒక గుర్తు ఉంది. ఎడమ గొట్టం మూతి దగ్గర ఎప్పుడో చిట్లితే, ఆ కాలం పనివాడెవరో ఇత్తడి కట్టు ఒకటి వేశాడు. చిటికెన వేలంత వెడల్పు. మావయ్య లెక్క ఏమిటంటే, దాని పెట్టె ఎక్కడున్నా, గొట్టాల గుంటలో ఎడమ వైపు ఆ కట్టు కోసం కాస్త చెక్కి ఉండాలి. పంతొమ్మిదేళ్లు వెతికాడు. ఎన్ని పెట్టెల మూతలు తీశాడో లెక్కలేదు. నేనైతే తొమ్మిది వందలంటాను.

ఇప్పుడు టైలరమ్మ దగ్గరికి వద్దాం. బజారు మలుపులో ఆవిడ దుకాణం. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కాలు ఎప్పుడూ మిషను మీద. మాట కత్తెర కన్నా పదును. మావయ్య చేసిన పళ్లసెట్టు పెట్టుకున్నాక, ఇరవై ఏళ్ల తరవాత జామకాయ కొరికానని వీధిలో అందరికీ కొరికి చూపించింది. ఆ సంతోషంలో, మూడేళ్ల కిందట, మావయ్యకి ఏదైనా ఇవ్వాలనుకుంది. ఆవిడ కత్తెరలు, దారాలు, బొత్తాలు పెట్టుకునేది ఒక పాత తోలు పెట్టెలో. వాళ్ల నాన్న ఎక్కడో పాతసామాన్ల కొట్లో కొన్నాడు. అది తుపాకీ పెట్టె అని ఆవిడకి తెలియదు. మావయ్య పిచ్చి సంగతి విన్నాక అనుమానం వచ్చింది. పెట్టె ఖాళీ చేసి, తుడిచి, రిబ్బను కట్టి, వచ్చి చూసుకోమని కబురుపెట్టింది.

మావయ్య ఆ పూట అన్నం కూడా సగంలో వదిలేసి పరిగెత్తాడు. మూత తీశాడు. గొట్టాల గుంటలో ఎక్కడో చెక్కినట్టు వేలికి తగిలింది. అదే వెడల్పు. కానీ అది ఏ వైపుదో కంటికి తేలడం లేదు, గుంటలో అడ్డంగా సూదులు గుచ్చి, దారాల బొచ్చు పట్టి, గుడ్డ ముద్దలు కట్టి ఉంది. పోనీ గొట్టాలు తెచ్చి పెట్టి చూద్దామంటే తుపాకీ ఇంట్లో లేదు. కాగితాలు కొత్తగా రాయించుకోడానికి ఆఫీసుకి ఇచ్చాడు, వాళ్లు నాలుగు నెలలు అట్టేపెట్టుకున్నారు. అందుకని తనకి వచ్చిన విద్యే వాడాడు. గుంటలో పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, మైనం మెత్తబరిచి, నొక్కి, అచ్చు తీసి ఇంటికి తెచ్చాడు.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, కాబట్టి కాస్త ఆనందంగా చెబుతాను. అచ్చుని దీపం కింద పెట్టాడు. కట్టు చెక్కిన చోటు కుడి వైపు కనిపించింది. తన నోటు పుస్తకం తీశాడు. అందులో ఎడమ అని ఉంది. కుడి, ఎడమ. సరిపోలేదు. అంతే, తేల్చేశాడు. నలభై ఏళ్లుగా వచ్చినవాడికీ పోయినవాడికీ గోడ మీద రాసి చూపించిన మనిషి, పంతొమ్మిదేళ్లు వెతికిన పెట్టె కళ్ల ముందుకొచ్చేసరికి గోడ వైపు చూడలేదు. ప్లాస్టరు పోయలేదు. మైనాన్ని మైనంలాగే చదివాడు.

సరే, సరిపోలేదు అనుకుంటే నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మర్నాడు టైలరమ్మ దుకాణానికి వెళ్లి, ఆవిడ చుట్టూ ఖాతాదారులుండగా, ముప్పావుగంట సేపు ఉపన్యాసం ఇచ్చాడు. మంచి తుపాకీ పెట్టె ఎలా ఉంటుందో, ఇది ఎందుకు కాదో. చివర్లో, ఇది ఏదో పిల్లనగ్రోవులు అమ్ముకునేవాడి పెట్టె అయ్యుంటుంది, నా తుపాకీ ఇందులో పడుకోదు అని కూడా అన్నాడు.  ఆవిడ రిబ్బను విప్పి జేబులో పెట్టుకుంది. కత్తెరలు మళ్లీ పెట్టెలో సర్దుకుంది.

మూడేళ్లు ఆవిడ మావయ్యతో మాట్లాడలేదు. మా ఇంటి బట్టలన్నీ ఆవిడే కుట్టేది, అది మానలేదు. కానీ మావయ్య ప్యాంట్లు మాత్రం ఒక్క వేలు బిగుతుగా వచ్చేవి. ఎన్నిసార్లు కొలతలు పంపినా అదే ఒక్క వేలు. ఎక్కువ కాదు, తక్కువ కాదు. మావయ్య భోంచేశాక బొత్తం విప్పుకుని కూర్చోడం ఆ రోజుల నుంచే అలవాటైంది.

ఆ మైనం ముక్క మాత్రం పనిగదిలో పై అరలో ఒక మూల పడి ఉండిపోయింది. పోయిన నెల అత్తయ్య అరలు దులిపింది. పాత మైనాలన్నీ పోగుచేసి గిన్నెలో వేయబోతూ, మూరెడు పొడుగున్న ముక్క ఒకటి కనిపించింది. ఏ దవడదో తెలియదు. ఇంత పొడుగు దవడ మనుషులకి ఉండదు కదా అనుకుంది. కానీ కట్టడి కట్టడే. ప్లాస్టరు కలిపి పోసింది. గట్టిపడ్డాక తీసి, తడిగుడ్డతో తుడిచి, మావయ్య బల్ల మీద పెట్టింది.

నేను ఆ పూట అక్కడే ఉన్నాను. మావయ్య ఎవరిదో కోరపన్ను ఆకురాయితో రుద్దుతున్నాడు. ప్లాస్టరు వైపు చూశాడు. రెండు గొట్టాలు పడుకునే గుంట, తెల్లగా, శుభ్రంగా, బొచ్చు లేదు, సూదులు లేవు. ఎడమ వైపు చిటికెన వేలంత చెక్కుడు. ఆకురాయి కింద పెట్టేశాడు. మొహం ప్లాస్టరుతో పోటీపడి తెల్లబడింది. నేను బయట చెప్పేటప్పుడు ఆయన మూర్ఛపోయాడనీ, నేనే నీళ్లు చల్లాననీ చెబుతాను గానీ, అంత జరగలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు, అంతే.

అప్పుడు అత్తయ్య ఒక కబురు చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కొంచెం తియ్యదనం ఉందని నా అనుమానం. టైలరమ్మ కొత్త పెద్ద కత్తెరలు రెండు కొందట. పెట్టెలో పట్టడం లేదట. శనివారం పదకొండింటికి వడ్రంగి వస్తున్నాడు, లోపలి గళ్లన్నీ ఊడబీకి పెట్టెని ఒకే అరగా చేసేస్తాడు. ఆ రోజు గురువారం.

గళ్లు ఊడబీకితే ఇక అది పెట్టె కాదు, ఉత్త తోలు డబ్బా. ఆ సంగతి మావయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. శుక్రవారమంతా ఒక్క పన్ను కూడా కూర్చలేదు. గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. నేను వెళ్లి అడిగొస్తానన్నాను. వద్దన్నాడు. అత్తయ్య తను మాట్లాడతానంది. అదీ వద్దన్నాడు. సాయంత్రం అద్దం ముందు నిలబడి పెదాలు కదిపాడు. ఏం చెప్పాలో సాధన చేస్తున్నాడని నాకు అర్థమైంది, మూడో మాట దగ్గర ఆగిపోతున్నాడు.

శనివారం పొద్దున తుపాకీ మడమ నుంచి గొట్టాలు విడదీసి, పూలపూల దిండు గలీబులో పెట్టి, గలీబుని చంకలో పెట్టుకుని బయల్దేరాడు. కాగితాల ఫైలు నేను పట్టుకున్నాను. ఆ గలీబు చూసి వీధిలో ఇద్దరు ముగ్గురు, ఏం పళ్లాయనా, పక్క మీద అలిగి వెళ్తున్నారా అని అడిగారు. ఆయనకి వినపడలేదు. వినే స్థితిలో లేడు.

దుకాణంలో టైలరమ్మ కోటు చేతులు కుడుతోంది. వడ్రంగి అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు, పక్కన ఉలి. పెట్టె బల్ల మీద, కత్తెరలు తీసేసి ఉంది. మమ్మల్ని చూసి ఆవిడ మిషను ఆపలేదు. మావయ్య గడప దగ్గర నిలబడి, తప్పు చదివానండీ అన్నాడు. మిషను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. ఆవిడ తలెత్తి, ఏమిటీ అన్నట్టు గెడ్డం ఎగరేసింది. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆవిడ కాలు ఇంకాస్త జోరందుకుంది. మావయ్య ఊపిరి పీల్చుకుని మూడోసారి గొంతెత్తాడు. సరిగ్గా ఆ క్షణంలో ఆవిడ కాలు తీసేసింది.

"తప్పు నాదే, మైనం తిరగేసి చదివాను," అన్న కేక దుకాణం దాటి, బజారు దాటి, బస్సు స్టాపు దాకా పోయింది. నాకు తెలిసి మా మావయ్య జీవితంలో చేసిన పెద్ద చప్పుడు అదే. తనకే భయం వేసి రెండు చెవులూ మూసుకున్నాడు.

టైలరమ్మ దారం తెంపింది. "పిల్లనగ్రోవుల పెట్టె అన్నారు," అంది.

"అన్నాను."

"నలుగురి ముందూ అన్నారు."

"ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చూసి చెప్పండి, తక్కువైతే మళ్లీ అరుస్తాను."

ఆవిడ నవ్వలేదు గానీ, మావయ్య చేసిన పళ్లలో పై వరస మాత్రం కొంచెం కనిపించింది. పెట్టి చూడమన్నట్టు పెట్టెని ముందుకు తోసింది. మావయ్య గలీబు విప్పి గొట్టాలు తీశాడు. వడ్రంగి టీ గ్లాసుతో సహా గోడకి అతుక్కుపోయాడు. అవి పేలేవి కావని నేను ఫైలు తెరిచి ముద్రలు చూపించాల్సి వచ్చింది. గొట్టాలు గుంటలోకి దిగాయి. ఎక్కడా రాసుకోలేదు, ఎక్కడా మిగల్లేదు. ఇత్తడి కట్టు దాని చోట్లో అది కూర్చుంది. మూత వేస్తే మెత్తగా పడింది. మావయ్య మూత మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు. నేను ఏదో జోకు వెయ్యబోయి మానేశాను.

అయితే టైలరమ్మ ఇస్తాననలేదు. అప్పుడు ఇస్తానన్నది మూడేళ్ల కిందటి మనిషి అంది. ఆవిడ చెప్పింది ఇదీ: ముప్పై ఏళ్లుగా ఆ పెట్టెలోంచి వస్తువులు చూడకుండా తీస్తోంది. కళ్లు గుడ్డ మీద ఉంటాయి, చెయ్యి పెట్టెలోకి వెళ్తుంది. ఏ గుంటలో ఏ కత్తెర ఉందో ఆ చేతికి తెలుసు. గళ్లు తీయించేద్దామని అంది గానీ, అప్పట్నుంచి ఆవిడకీ బెంగగానే ఉంది. పెట్టె కావాలంటే, ఆ చెయ్యి తడుముకోకుండా పని చేసుకునే ఇంకోటి తెచ్చివ్వాలి. కొట్లో దొరికేవి వద్దు, అవి ఆవిడ చూసింది.

వడ్రంగి లేచి, ఇంతకీ ఊడబీకాలా వద్దా, నాకు ఇంకోచోట తలుపు పని ఉంది అన్నాడు. ఆవిడ వెళ్లమంది. మావయ్యకి పది రోజులు గడువిచ్చింది.

ఆ పది రోజులు మా ఇంట్లో పళ్లపని ఆగిపోయింది. ఇద్దరు డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మావయ్య టైలరమ్మ దగ్గరికి రోజూ వెళ్లి, ఒక్కో కత్తెరకీ మైనం నొక్కి, సూదుల డబ్బాకీ, సుద్దముక్కకీ, బొత్తాల గిన్నెకీ అచ్చులు తీసి తెచ్చాడు. అత్తయ్య ప్రతి అచ్చుకీ ప్లాస్టరు పోసింది, పోసిన ప్రతిసారీ గోడ మీద రాత వైపు ఒకసారి చూసి ఆయన వైపు ఒకసారి చూసింది. మావయ్య దగ్గరున్న సరుకు పళ్లసెట్ల చిగుళ్లకి వాడే గులాబీ రంగుదే. దానితోనే పెద్ద పళ్లెం ఒకటి పోత పోశాడు. అందులో తొమ్మిది కత్తెరలకి తొమ్మిది గుంటలు. చూస్తే ఏదో రాక్షసుడి అంగిలిలాగ ఉంది.

మొదటిసారి తీసుకెళ్తే బెడిసికొట్టింది. ఆయనకి చేతనైంది ఊడకుండా పట్టి ఉండేలా చేయడమే కదా. కత్తెర గుంటలో పెడితే గాలి పీల్చుకుని అతుక్కుంది. టైలరమ్మ లాగింది, రాలేదు. నేను లాగాను. నేను ఒంటి చేత్తో లారీ లాగినవాణ్ని, నా వల్ల కూడా కాలేదు. పళ్లెం పైకి లేచింది గానీ కత్తెర ఊడలేదు. "ఇది పెట్టె కాదు, మీ అత్తగారి నోరు. పట్టుకుంటే వదలదు," అంది టైలరమ్మ మావయ్యతో. అప్పటికి గడువు రెండు రోజులుంది. మావయ్య అది చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ రెండు రోజులూ ఒక్కో గుంటకీ అడుగున గాలి పోయేందుకు సన్న బెజ్జాలు పెట్టి, అంచులు వేలి వంపుకి తగ్గట్టు రుద్దాడు. రుద్దుతున్నంతసేపూ నోటు పుస్తకం తెరవలేదు. టైలరమ్మ ఇస్త్రీ చేసేటప్పుడు వేసుకునే చేతి గ్లౌజు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు, దాంట్లో తన చెయ్యి దూర్చి తడుముకుంటూ చేశాడు.

పదో రోజు ఆవిడ మెడలో టేపు తీసి కళ్లకి కట్టుకుంది. ఇద్దరు ఖాతాదారులు, నేను, అత్తయ్య, అందరం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ కాజాలు కత్తిరించే కత్తెర అని పైకి చెప్పి చెయ్యి పెట్టింది. వచ్చింది. పెద్ద కత్తెర అంది. వచ్చింది. దారాలు తెంపేది అంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కొంచెం ఎడమకి జరిగి అదీ తీసింది. టేపు కళ్ల మీంచి కిందికి జార్చుకుంది. పాత పెట్టెని తనే తుడిచి, మావయ్య చేతికిచ్చింది. రిబ్బను మాత్రం కట్టలేదు. అది ఎప్పుడో ఏ పిల్ల గౌనుకో కుట్టేసిందట.

ఇప్పుడు ఏడు తుపాకులకీ ఏడు పెట్టెలున్నాయి. ఆ ఏడో పెట్టెలో దారాల బొచ్చు ఇంకా అక్కడక్కడా ఉంది. మావయ్య తీయనివ్వడు. రెండు గుండుసూదులు గుడ్డలో గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. వెనక గదిలోకి ఎవరైనా వస్తే, తుపాకీ కంటే ముందు ఆ సూదులు చూపిస్తాడు. టైలరమ్మ గులాబీ పళ్లెం చూడటానికి పక్క బజారు నుంచి కూడా టైలర్లు వస్తున్నారు. మరో నలుగురు తమకీ కావాలని అడిగారు. అత్తయ్య గోడ మీద ఎర్ర రాత కింద ఇంకో ముక్క రాసింది: "కత్తెరల ఆర్డర్లు తీసుకోబడవు." పోయిన వారం మావయ్యకి కొత్త ప్యాంటు కుట్టించాం. భోజనమైంది, ఆయన అలవాటుగా బొత్తం మీద చెయ్యి వేశాడు. విప్పాల్సిన పని పడలేదు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం మావయ్యకి చదివి వినిపించాను. పనిబల్ల దగ్గర ఎవరి సెట్టుకో ముందు పళ్లు అమరుస్తున్నాడు. అత్తయ్య నవ్వుతూ వింది. ఆయన చివరిదాకా తలెత్తలేదు. అయ్యాక కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అన్నాడు:

"దోపిడీ లేదు, షట్టర్లు దించడం లేదు. మైనం తప్పు చదివానని నాకు అచ్చు తీసిన ఆ వారంలోనే అనుమానం వచ్చింది. వెళ్లి చెప్పడానికి మూడేళ్లు పట్టింది. అది రాయి."